ఆయుధపూజ మర్నాడు ఆగిన కాటా

మా అక్క చెయ్యి తగిలి లారీ కాటా ఆగిపోయిందట. ఫోన్ చేసి ఆ సంగతి నాకు చెప్పింది అక్కే. ఏడుస్తూ చెప్పుంటే నాకు కొంచెం నయంగా ఉండేది. ఏడవలేదు. కూరలో ఉప్పెక్కువైందని చెప్పినట్టు చెప్పింది.

"నువ్వొకసారి వచ్చి చూసిపోవే. చిన్నత్తయ్య నన్ను గదిలోకి రావద్దంటా ఉంది. పొద్దుటినుంచీ బయటే నిలబడున్నా."

"నీ చెయ్యి తగిలితే ముడుచుకుపోవడానికి అదేమన్నా అత్తిపత్తి ఆకా?" అన్నాను.

"ముందు నువ్వు రావే" అని పెట్టేసింది.

నేను నరసరావుపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ లాబ్ చూస్తాను. చూడటమంటే, లినక్స్ నేర్చుకోవాలన్న కోరిక ఏ కోశానా లేని పిల్లల ముందు నిలబడి, ఏడాదికేడాది అవే కమాండ్లు కొట్టి చూపించడం. అవి దసరా సెలవులు. ఇంట్లో ఉంటే మా ఆయనకి టిఫిన్లూ, అత్తగారికి మాత్రలూ. చీర మార్చుకుని పిడుగురాళ్ల బస్సెక్కాను. దారిపొడవునా పళ్ళు నూరుతూనే ఉన్నాను.

ఆ కాటా పిడుగురాళ్ల దాటాక హైవే పక్కన ఉంటుంది. లారీ మొత్తం ఎక్కి నిలబడేంత ఇనుప పలక, దాని పక్కన ఒక చిన్న గది, గదిలో కంప్యూటర్. పలక మీదకి లారీ ఎక్కితే బరువు తీగ గుండా కంప్యూటర్లోకి వస్తుంది. లోపల కూర్చున్న మనిషి లారీ నంబరు కొడితే చీటీ బయటికొస్తుంది. ఆ చీటీ లేనిదే సున్నం బట్టీవాడూ దింపుకోడు, ఫ్యాక్టరీవాడూ గేటు తియ్యడు. లోపల కూర్చునే ఆ మనిషి మా అక్క.

కాటా మా బావకి బాబాయి అయ్యే ఆయనది. ఊళ్ళో మాజీ సర్పంచి. తెల్ల చొక్కా, రెండు ఫోన్లు, ఎవరితో మాట్లాడినా ఓట్లు అడుగుతున్నట్టే ఒక నవ్వు. బావ గుండె ఆగి పోయాక, అక్కని పిలిచి ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. ఊరికే కూర్చోబెట్టలేదు. ఆ తర్వాత జరిగిన ప్రతి పెళ్ళిలోనూ, ప్రతి పంచాయితీలోనూ ఆ కుర్చీ సంగతి చెప్పుకున్నాడు. "మన బిడ్డ రోడ్డున పడగూడదని" అనేవాడు. మన బిడ్డ ఆ పక్కనే వడ్డన చేస్తూ వినేది.

వడ్డన అన్నాను గానీ అదీ నిజం కాదు. వంటింట్లో గిన్నెలు అందించేది. బావ పోయినప్పటినుంచీ అత్తగారింట్లో అక్క నడిచే దారులు మారిపోయాయి. మరిది పనికి బయల్దేరే వేళకి వాకిట్లోకి రాదు. ఇంట్లో ఎవరికన్నా పెళ్ళిచూపులంటే పెరట్లో బట్టలు నానబెట్టుకుంటుంది. ఎవరూ చెప్పక్కర్లేదు, చెప్పించుకునేదాకా ఆగదు. దాన్ని అట్లా చూస్తే నాకు జాలి కంటే ముందు కోపమే వచ్చేది.

కాటా గదిలో మాత్రం అక్క వేరే మనిషి. ఒకసారి నేను అక్కడ ఉండగా ఒక లారీవాడు బరువు తక్కువ చూపించాలని వెనక టైరు పలక మీదకి ఎక్కించకుండా ఆపేశాడు. అక్క కిటికీలోంచి తల బయటపెట్టి వాడి పుట్టుపూర్వోత్తరాలు ఎత్తింది. వాడు "సారీ మేడం" అంటూ రివర్సు చేశాడు. అక్క గొంతు అంత పెద్దదని నేను దాని పెళ్ళితోనే మర్చిపోయాను. దానికి ఈ లోకంలో తల దించక్కర్లేని చోటు ఆ ఒక్క కుర్చీ. అందుకే అంత హడావిడిగా బస్సెక్కాను.

ఇంతకీ జరిగిందిది. ముందు రోజు ఆయుధపూజ. మా వైపు ఆ రోజు మోటారున్న ప్రతిదానికీ సెలవు. ట్రాక్టరు, బోరు, క్రషరు, లారీ అన్నీ ఆపి, కడిగి, పసుపు రాసి, కుంకం బొట్లు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కిస్తారు. తిరిగే మిషన్‌కి పూజ చెయ్యరు, ఆపి చెయ్యాలి. పాత కాటాకి ముల్లూ రాళ్ళూ ఉండేవి గనక ఆపడానికేమీ లేదు. కంప్యూటర్ కాటా వచ్చాక ఇదే మొదటి దసరా. ఓనరుగారు స్వయంగా గదిలోకి వచ్చి, కంప్యూటర్ ఆపి, ఇన్వర్టర్ కూడా ఆపేశాడు. ఆయన భార్య, అంటే అక్కకి చిన్నత్తయ్య, మానిటర్‌కి గంధం రాసి, కీబోర్డు మీద ఇంత కుంకం చల్లింది. అక్క గది బయట నీళ్ళ డ్రమ్ము పక్కన నిలబడి దణ్ణం పెట్టుకుంది.

అందరూ పులిహోర తిని వెళ్ళాక అక్క లోపలికొచ్చి చూస్తే కీబోర్డు మీట్ల సందుల్లో కుంకం. తెల్లారి లారీలొస్తాయి గదా అని గుడ్డ తీసుకుని తుడిచింది. మర్చిపోయిన హారతి పళ్ళెం కోసం వెనక్కొచ్చిన చిన్నత్తయ్య అది చూసింది. ఆ పూటకి ఏమీ అనలేదు. తెల్లారి అక్క కంప్యూటర్ పెడితే కాటా ప్రోగ్రాం లేవలేదు. అప్పుడు అన్నది.

నేను వెళ్ళేసరికి లారీలు రోడ్డు మీదకి బారు తీరి ఉన్నాయి. డ్రైవర్లు కిటికీ దగ్గర గుంపుగా నిలబడి బీడీలు కాలుస్తున్నారు. లోపల అక్క కుర్చీలో చిన్నత్తయ్య కూర్చుంది. పక్కన స్టూలు మీద ఓనరు. అక్క బయట ఎండలో, చేతికి హ్యాండ్‌బ్యాగు తగిలించుకుని, అప్పుడే బస్సు దిగి అడ్రసు అడగబోతున్న మనిషిలా నిలబడి ఉంది.

"వచ్చావా? చూడు, మీ అక్క చేసిన ఘనకార్యం" అంది చిన్నత్తయ్య. నేను ఆమెని పిన్నిగారూ అని పిలుస్తాను, తప్పదు గనక.

"ఏం చేసింది పిన్నిగారూ?"

"పూజ చేసినదాన్ని తుడిచింది. కుంకం తుడిచింది. ఎవరన్నా తుడుస్తారటే? తుడిచినా, అదీ ఎవరు?"

"మీట్లల్లో కుంకం పోస్తే తుడవక తాంబూలం ఇయ్యాలా?"

అక్క కిటికీలోంచి నన్ను చూసింది. నోర్మూసుకోమని అర్థం. "నువ్వు మిషన్ సంగతి చూడవే" అంది పైకి. చూశాను.

పొద్దున పక్కూరి షాపువాడెవరో వచ్చాడట. కీబోర్డు మార్చి చూసి, ఫలితం లేక, లినక్స్ మొత్తం చెరిపేసి విండోస్ ఎక్కించాలని చెప్పి పోయాడట. ఇంకో గంట ఆలస్యమైతే చెరిపేసేవాళ్ళే. తెర మీద మెసేజ్ అట్లాగే ఉంది. ఫలానా లైబ్రరీ ఫైలు తెరవలేకపోతున్నాను, అలాంటి ఫైలుగానీ ఫోల్డర్‌గానీ లేదు అని దాని సారాంశం.

ఈ మెసేజ్ నాకు ఆడబిడ్డంత పరిచయం. కాటా ప్రోగ్రాం పైథాన్‌లో రాసింది. కానీ తీగలోంచి బరువు చదివే పని పైథాన్ చెయ్యదు. ఆ పనికి సీ భాషలో రాసిన చిన్న ఫైళ్ళు వేరే ఉంటాయి. వాటిని షేర్డ్ లైబ్రరీలంటారు. ప్రోగ్రాం వాటిని తన కడుపులో పెట్టుకోదు, మొదలయ్యేటప్పుడు పిలుచుకుంటుంది. లినక్స్ తనకి చెప్పిన చోట్లలోనే వాటిని వెతుకుతుంది. ఆ చోట్లలో లేకపోతే, ఫైలు పక్క ఫోల్డర్లో కళ్ళముందే ఉన్నా, లేదనే చెప్తుంది.

ఎల్‌డీడీ అని ఒక కమాండ్ ఉంది. ఏ ఫైలుకి ఇంకా ఏ ఫైళ్ళు కావాలో, అవి ఎక్కడ దొరికాయో వరసగా చూపిస్తుంది. కొట్టాను. బరువు చదివే లైబ్రరీ బాగానే ఉంది, దానికి కావలసినవన్నీ దొరికాయి, ఒక్కటి తప్ప. దాని ఎదురుగా దొరకలేదని ఉంది. డిస్కంతా వెతికించాను. ఓనరుగారి అల్లుడి పేరు మీదున్న డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో హాయిగా పడుంది.

ఆ అల్లుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్. ఈ కాటాకి లినక్స్ పెట్టింది, ప్రోగ్రాం ఎక్కించింది అతనే. మామగారికి అతనంటే ఎంత గొప్పంటే, కాటా దగ్గరికి ఎవరొచ్చినా లారీ బరువుకి ముందు అల్లుడి బరువు చెప్పేవాడు.

ఫైలు ఉంది. మరి నిన్నటిదాకా ఎట్లా దొరికింది?

"అక్కా, రోజూ పొద్దున ప్రోగ్రాం ఎట్లా మొదలుపెడతావు?" కిటికీలోంచి అడిగాను.

"నల్ల తెర ఉంటది గదా. దాంట్లో పై బాణం నొక్కి ఎంటర్ కొడతా. అంతే. ఆ తెర ఎప్పుడూ మూయొద్దన్నాడు అల్లుడుగారు. నేను మూయలేదే. ఒట్టు."

నాకు మొత్తం అర్థమైపోయింది. ఆ ఫైలు ఫలానా ఫోల్డర్లో ఉందని అల్లుడుగారు ఆ నల్ల తెరకి నోటిమాటగా చెప్పి వదిలేశాడు. ఎక్కడా రాసిపెట్టలేదు. నోటిమాట ఆ తెర బతికున్నంత సేపే ఉంటుంది. ఇన్వర్టర్ పుణ్యమా అని తెర ఇన్నాళ్ళూ బతికింది. ఆయుధపూజకని మామగారు కంప్యూటర్ ఆపాడు. తెర పోయింది, మాట పోయింది. అక్క గుడ్డ ముట్టుకోక ముందే కాటా పోయి ఉంది.

బాగుచెయ్యడానికి నిమిషం చాలు. నేను చెయ్యలేదు. కడుపు మండి ఉన్నాను. వీళ్ళు ఊరికే సర్దుకుని పోకూడదు, చూడాలి, వాళ్ళ చేతులు వాళ్ళు చూసుకోవాలి అనుకున్నాను.

"బాబాయిగారూ, ఒకసారి మీ చేత్తో ఆపి, మళ్ళీ మీ చేత్తోనే పెట్టండి" అన్నాను.

ఆయన పెట్టాడు. పై బాణం, ఎంటర్. అదే మెసేజ్.

"ఇప్పుడు పిన్నిగారు."

"నేనెందుకే?"

"ముత్తయిదువ చెయ్యి గదా, వినుద్దేమో చూద్దాం."

ఆమెకి నచ్చలేదుగానీ డ్రైవర్లంతా చూస్తున్నారు. లేచి, డ్రమ్ములో నీళ్ళతో చేతులు కడుక్కుని, పవిటకి తుడుచుకుని, కళ్ళకద్దుకుని మరీ నొక్కింది. అదే మెసేజ్. అక్షరం తేడా లేదు. కిటికీ దగ్గర ఎవడో కిసుక్కున నవ్వాడు. ఇంకొకడు, "పిన్నిగారి చెయ్యి గూడా అంతేనంట్రోయ్" అన్నాడు. ఓనరుగారి ఓట్ల నవ్వు అప్పుడు పోయింది. నేను చూశాను. చూసి సంతోషించాను కూడా.

అంతటితో ఆపొచ్చు. అల్లుడికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. డ్రైవర్లు బీడీలు పారేసి కిటికీ చువ్వలు పట్టుకున్నారు.

"ఆఁ, ఎల్‌డీ లైబ్రరీ పాత్ ఎక్స్‌పోర్ట్ కొట్టి వదిలేశా అప్పుడు" అన్నాడు అల్లుడు. "పర్మనెంట్‌గా పెడదామనుకున్నా, బస్సు టైమైంది. అందుకే గదా ఆపొద్దని అంతలా చెప్పింది. ఆపిన తలకాయలేనోళ్ళెవరు?"

ఓనరుగారు తన రెండో ఫోన్ తీసి చూసుకోసాగాడు.

"మీ మామయ్యగారు" అన్నాను.

"మామయ్య ఉన్నారా అక్కడ? నమస్తే మామయ్యా" అన్నాడు అల్లుడు, నీరసంగా.

పాస్‌వర్డ్ చెప్పించుకుని పెట్టేశాను. ఆ ఫైలుని డౌన్‌లోడ్స్ లోంచి తీసి, లైబ్రరీలు ఉండాల్సిన చోట పెట్టాను. ఆ చోటు పేరు లినక్స్ చూసుకునే ఫైల్లో ఒక్క లైను రాశాను. కొత్త చోటు గుర్తుపెట్టుకోమని ఎల్‌డీకాన్ఫిగ్ అనే కమాండ్ కొట్టాను. ఎల్‌డీడీ మళ్ళీ కొడితే ఈసారి అన్నిటికీ చోటు దొరికింది. ఇక ఎన్ని దసరాలకి ఎన్నిసార్లు ఆపినా ఫరవాలేదు.

"అక్కా, లోపలికి రా. నువ్వు నొక్కు."

అక్క గుమ్మం దగ్గర ఆగి చిన్నత్తయ్య వైపు చూసింది. నేను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. పై బాణం, ఎంటర్. ప్రోగ్రాం లేచింది, తెర మీద సున్నాలు వచ్చాయి. మొదటి లారీ పలకెక్కింది. అంకెలు పరిగెత్తి ఒకచోట ఆగాయి. చీటీ బయటికొచ్చింది. డ్రైవర్లు ఈలలేశారు. నా అంత మొనగత్తె పల్నాడులో లేదనుకున్నాను ఆ క్షణాన.

రద్దీ కొంచెం తగ్గాక, ఓనరుగారు మా ఇద్దర్నీ గది వెనక్కి పిలిచాడు. కాపలావాణ్ణి కుర్చీలో కూర్చోమన్నాడు. మాకు రెండు కూల్‌డ్రింకులు తెప్పించాడు. ఆ కూల్‌డ్రింకులు చూడగానే నాకు అనుమానం రావాల్సింది.

"చానా బాగా చేశావమ్మా. చదువుకున్నదానివి" అన్నాడు. మళ్ళీ ఆ నవ్వు. "ఒక్క మాట. పొద్దుటినుంచీ ఈ రోడ్డున పోయిన ప్రతి లారీవాడికీ తెలిసింది, మీ అక్క చెయ్యి తగిలి కాటా ఆగిందని. దాచేపల్లి దాకా పోయుంటది ఆ మాట. ఇప్పుడు అది గాదు, నా అల్లుడి చేతగానితనం అని తేలితే? నేనే ఆపానంటే? అవతలి కాటావాడు పళ్ళికిలిస్తాడు. రేపు ఊళ్ళో నా ఎదురు నిలబడేవాడు మైకులో చెప్తాడు, సొంత కాటా ఆపుకున్నోడు ఊరినేం నడుపుతాడని."

"అయితే?" అన్నాను.

"ఆ మాట అట్టాగే ఉండనియ్యండి. ఎవరన్నా అడిగితే ఆమే చెప్పాల, తన చెయ్యి తగిలి ఆగిందని, మేం శాంతి చేయిస్తే బాగయిందని. ఇయ్యాల నువ్వు ఆడిచ్చిన ఆట చూసినోళ్ళు గుప్పెడు మంది. వాళ్ళ సంగతి నేను చూసుకుంటా. మిగతా రోడ్డంతా ఆమె చెప్పింది నమ్ముద్ది. అట్టయితే కుర్చీ ఆమెదే. లేదంటే రేపటినుంచి ఇంకో మనిషిని చూసుకుంటా. నాకు మనుషులకి కరువా?"

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. "సిగ్గులేకుండా ఎట్టా అడుగుతున్నారు బాబాయిగారూ? అది తప్పు చెయ్యలేదని మీ కళ్ళతో మీరు..."

"సరే మామయ్యా" అంది అక్క.

నా మాట ఇంకా నోట్లోనే ఉంది.

"ఇంకోటి" అంది చిన్నత్తయ్య, వెనకనుంచి ఎప్పుడొచ్చిందో. "పొద్దున బోణీ చీటీ కాపలావాడు కొడతాడు. ఆ తర్వాత నువ్వు కూర్చో. పండగల పూట అసలు ఈ చాయలకి రావద్దు."

"అట్టాగే అత్తయ్యా."

వాళ్ళు పోయాక నేను అక్క మీద పడ్డాను. నోటికి ఏది వస్తే అది అన్నాను. నీకు వెన్నెముక లేదన్నాను. బావతోపాటు నిన్నూ తగలేసుంటే పీడా పోయేదన్నాను. ఆ మాట అన్నాక కూడా నాకు కసి తీరలేదు. అక్క కూల్‌డ్రింకు చివరిదాకా తాగి, సీసా గోడవారగా పెట్టింది.

"సిగ్గుపడి ఎక్కడికి పొమ్మంటావే?" అంది. "మీ ఇంటికొచ్చి కూర్చోనా?"

మా అత్తగారి మొహం కళ్ళముందుకొచ్చింది. మా ఆయన మొహం కూడా వచ్చింది. మాది శుభకార్యాలున్న ఇల్లు, మరిది పెళ్ళి కుదిరి ఉంది. కూర్చో అక్కా అనడానికి నోరు తెరిచి, బస్సుకి టైమైందన్నాను. అక్క తలూపింది. దానికి కోపం కూడా రాలేదు, అదే నన్ను చంపింది.

నా బ్యాగు గదిలో ఉండిపోతే తీసుకోవడానికి వెళ్ళాను. కాపలావాడు లేచి పోయాడు, అక్క కుర్చీలో కూర్చుంది. సున్నపురాయి లోడుతో కొత్త లారీ ఒకటి పలక మీదుంది. డ్రైవరు పొద్దున్న లేనివాడు, కృష్ణ అవతలి వైపునుంచి వచ్చినట్టున్నాడు. కిటికీ దగ్గరికి వచ్చి పలకరించాడు.

"ఏం మేడం, పొద్దుగాల కాటా బందయిందట గదా? ఏమైంది?"

అక్క నా వైపు చూడలేదు. తెర మీద అంకెలు చూసుకుంటూ, నంబరు కొడుతూ, నవ్వుతూ చెప్పింది. "నా చెయ్యి తగిలిందన్నా. పూజ చేసినదాన్ని తుడిచా, నాకు బుద్ధి లేక. మా మామయ్య శాంతి చేయించాడులే, ఇప్పుడు బాగుంది."

అతను పాపమన్నట్టు నాలుక చప్పరించాడు. చీటీ బయటికొచ్చింది. అక్క దాన్ని చింపి కిటికీలోంచి చెయ్యి చాపింది. అతను కూడా చెయ్యి చాపబోయి, మధ్యలో ఆగి, వేళ్ళు చొక్కాకి తుడుచుకున్నాడు.

"ఆ గట్టు మీద పెట్టు మేడం, తీసుకుంటా" అన్నాడు, మర్యాదగానే.

అక్క చీటీ కిటికీ గట్టు మీద పెట్టింది. ఆమె చెయ్యి పూర్తిగా లోపలికి పోయేదాకా ఆగి, అప్పుడు తీసుకున్నాడు.